పాలికల మట్టి

ఆవపిండి నీళ్ళలో కలిపి నేల మీద పోస్తే వానపాములు పైకొస్తాయి. వాటికి ఊపిరితిత్తులు లేవు, ఒళ్ళంతా ముక్కే. ఆవ ఘాటు చర్మానికి తగలగానే బొరియల్లో ఉండలేక పది నిమిషాల్లో బయటపడతాయి. నేలను తవ్వి పాడుచేయకుండా వాటిని లెక్కపెట్టడానికి ఇంతకన్నా సులువైన పద్ధతి లేదు. పేరు ముందున్న డాక్టరూ, పేరు వెనకున్న బిరుదులూ తీసేస్తే ముప్ఫై ఏళ్ళుగా నేను చేసిన ఉద్యోగం ఇదే. అడుగు పొడవు, అడుగు వెడల్పు ఉన్న చెక్క చట్రం నేల మీద పెట్టడం, ఆవనీళ్ళు పోయడం, గొంతుక్కూర్చుని లెక్కపెట్టడం.

ఆ రోజు మా పరిశోధన కేంద్రం వెనక ప్లాటులో నా తోటి శాస్త్రవేత్త ఫిలిప్ గారు లెక్కపెడుతుంటే నేను రాసుకుంటున్నాను.

"నలభై ఒకటండి మేడమ్."

"సరిగ్గా చూడండి. తప్పు లెక్కెట్టి ఉంటారు."

"మూడుసార్లు ఎట్టానండి. నమ్మకం లేకపోతే మీరే వచ్చి ఎట్టుకోండి."

నేను పుస్తకం పక్కన పడేసి మోకాళ్ళ మీద కూలబడ్డాను. నలభై ఒకటే. అది మంచి మాగాణిలో కూడా దొరకని లెక్క. ఆ ప్లాటేమో పదకొండేళ్ళు రొయ్యల చెరువై, ఉప్పునీళ్ళు నిలబడి, తెగుళ్ళొచ్చాక వదిలేసిన నేల. గడ్డిపరక కూడా మొలవనని మొండికేసిన నేల. ఉప్పు తగిలితే వానపాము ఒళ్ళు ఆరిపోయి చస్తుంది. వానపాము లేకపోతే నేలలో నీరు దిగదు, గాలి ఆడదు, వేసిన ఎరువు పైనే ఎండిపోతుంది. మా చుట్టుపక్కల అలా చచ్చిన చెరువులు ఎన్నో ఉన్నాయి. వాటిని బతికించే వానపామును తయారు చేయాలని ఫిలిప్ గారూ నేనూ తొమ్మిదేళ్ళు గడిపాం.

డెల్టాలో మామూలుగా దొరికేదాన్నే తీసుకున్నాం. ఊళ్ళల్లో దాన్ని ఎర్ర అంటారు, గేలానికి గుచ్చుతారు. దాని జన్యువుల్లో ఉప్పుకు తట్టుకునే గుణం చేర్చాం, ఆకలి నాలుగింతలు చేశాం. మొదటి అయిదు వరసలూ చచ్చాయి. ఆరోది బతికింది. వేరే పేరు పెట్టే ఓపిక లేక దాన్ని ఆరో వరస అనే పిలిచాం. వేసిన గడ్డీ పేడా నలభై రోజుల్లో తినేసి నల్లటి మట్టి చేసి, తిండి అయిపోగానే చచ్చిపోయేది. ఆ పని అయ్యాక అది చావాలి. అలాగే తయారు చేశాం.

అది తనంతట తాను పెరగకుండా తాళం కూడా వేశాం. వానపాము నడుము మీద ఉండే పట్టీ నుంచి ఊరిన పొర మెల్లగా తల మీదుగా జారి ఊడిపోయి గుడ్ల సంచి అవుతుంది. ఆవగింజంత ఉంటుంది, ఆకారం నిమ్మకాయది. ఆరో వరస సంచిలో పిల్ల పెరగాలంటే మొలకెత్తే గింజల్లోంచి ఊరే ఒక పదార్థం చిక్కగా తగలాలి. అందుకని మా ల్యాబులో ప్రతి ఉదయం పెసల మొలకలూ ఉలవ మొలకలూ మిక్సీలో రుబ్బేవాళ్ళం. మా అటెండరు దానికి మొలకల కాఫీ అని పేరు పెట్టాడు.

"తాళం మనదే, చెవీ మనదే" అనేవారు ఫిలిప్ గారు.

ప్లాటు చుట్టూ నడుము లోతు సిమెంటు గోడ దింపించాం. లోపలికి వెళ్ళిన పార బయటికి రాకూడదు. వచ్చేవాళ్ళు గేటు దగ్గర చెప్పులు కడుక్కోవాలి. ఆ గేటుకు ఒక బోర్డు ఉండేది, ఎర్ర రంగుతో నేనే రాశాను. మట్టి బయటికి పోకూడదు.

*

మా అమ్మాయి మృదుల పెళ్ళి ఆ వైశాఖంలోనే కుదిరింది. పెళ్ళికొడుకు త్రినాథ్. మా ఊరికి పన్నెండు కిలోమీటర్ల దూరంలో గరువుపాలెం, పిల్లకాలువ గట్టున నాలుగెకరాల మాగాణి. చదువుకుని ఉండి కూడా వ్యవసాయం ఇష్టమని చెప్పిన కుర్రాడు. మా మృదుల అతన్ని అందుకే ఇష్టపడింది, నేనూ అందుకే ఒప్పుకున్నాను.

మా ఆయన పోయి అప్పటికి ఏడేళ్ళు. అది నాకు మామూలు రోజుల్లో గుర్తుండేది కాదు. పెళ్ళి పనులు మొదలయ్యాక అందరూ కలిసి గుర్తుచేశారు. పసుపు కొట్టేటప్పుడు పక్కకు జరగమన్నారు. తలంబ్రాలు కలిపేటప్పుడు వంటింట్లో ఏదో పని ఉందన్నారు. అందరూ మర్యాదగానే చెప్పారు. అందుకే ఎవరి మీదా అరవడానికి కుదరలేదు.

పెళ్ళికి అయిదు రోజుల ముందు పాలికలు. పుట్టమన్ను తెచ్చి, అయిదు మట్టి మూకుళ్ళలో నింపి, పాలలో నానబెట్టిన నవధాన్యాలు ముత్తయిదువులు చల్లుతారు. పెళ్ళయ్యేలోగా అవి పచ్చగా మొలవాలి. పెళ్ళిపెద్దరికమంతా మా అక్క మాణిక్యమ్మది.

"నువ్వు మనసులో పెట్టుకోకే భ్రమరా. గింజలు నేనూ పిన్నిగారూ చల్లేస్తాం. నువ్వు ఆ అరుగు మీద కూర్చుని చూడు, చాలు. తల్లివి, నీ చూపు పడితే చాలదా?"

"చాలు అక్కా" అన్నాను. చాలలేదు. ఆ పిల్లను కన్నది నేను. ఏడేళ్ళుగా తల్లినీ తండ్రినీ నేనే. నా చెయ్యి తగిలితే మొలవని గింజలేమిటని అడగాలనిపించింది.

మళ్ళీ మాణిక్యమ్మ అక్కే అంది, "అసలు పుట్టమన్నే దొరకట్లేదే. ఎక్కడెక్కడి పుట్టలూ చెరువుల్లో కలిసిపోయాయి. మేళగాళ్ళని ఏసుకుని ఊరంతా తిరిగొచ్చాం."

"మా సెంటర్ వెనక పుట్ట ఉంది. నేను తెస్తాను" అన్నాను.

మా సెంటర్ వెనక పుట్ట లేదు. ఆరో వరస ప్లాటు ఉంది.

నేను ఎందుకలా అన్నానో నాకు బాగా తెలుసు. గింజలు చల్లే చెయ్యి నాది కానప్పుడు, మట్టయినా నాది కావాలనుకున్నాను. తొమ్మిదేళ్ళు కష్టపడి చచ్చిన నేలలోంచి పుట్టించిన మట్టి. నా కూతురి పెళ్ళికి అంతకన్నా శుభమైన మట్టి ఏ పుట్టలో ఉంటుందనుకున్నాను. గర్వం అంటే గర్వమే, ఇప్పుడు దాచి లాభం లేదు.

మధ్యాహ్నం అందరూ భోజనాలకు వెళ్ళినప్పుడు ప్లాటులోంచి చిన్న బకెట్‌తో మట్టి తీశాను. సన్న జల్లెడ పట్టాను. కంటికి కనపడ్డ వానపాములన్నీ ఏరి వెనక్కి వదిలేశాను. గుడ్ల సంచులు మిగిలే ఉంటాయని తెలుసు. మిగిలితే మిగలనీ, తాళం వేసి ఉంది కదా అనుకున్నాను. బకెట్ మీద తువ్వాలు కప్పి గేటు దాటాను. చెప్పులు మాత్రం బుద్ధిగా కడుక్కున్నాను.

ల్యాబులో అవి మొలకలు. పెళ్ళిలో అవి నవధాన్యాలు. ఆ రెండూ ఒకటేనన్న సంగతి, వడ్లూ పెసలూ ఉలవలూ మినుములూ కలిపి ఒక మూకుడులో గుప్పెడు మట్టికి గుప్పెడు గింజలు చొప్పున కిక్కిరిసి మొలుస్తాయన్న సంగతి, ప్రతి ఉదయం మొలకలు రుబ్బించిన మనిషికి తట్టలేదు. అరుగు మీద కూర్చుని, ముత్తయిదువులు పాడుతుంటే, నా మట్టిలో మా అక్క చెయ్యి తిరుగుతుంటే కళ్ళు తుడుచుకున్నాను. అంతే.

పాలికలు ఎప్పుడూ చూడనంత పచ్చగా మొలిచాయి. అందరూ శుభమన్నారు.

పదహారు రోజుల పండగనాటికి కాలువలకు కొత్తనీళ్ళు వదిలారు. పాలికలు కాలువలో కలపాలి. మృదుల అత్తగారు అనంతలక్ష్మి గారు ఒప్పుకోలేదట. "కోడలితో వచ్చిన మొలకలు కాలవలో కొట్టుకుపోవడం ఏవిటి, మన చేలోనే పెరగాలి" అని, తమ పొలానికి నీళ్ళు పారే బోదెలో అయిదు మూకుళ్ళూ కుమ్మరించారు. నేను ఆ రోజు వెళ్ళలేదు. మృదుల ఫోటో పంపింది. చేతిలో పాలిక పట్టుకుని నవ్వుతోంది. కింద ఒక మాట రాసింది. "అమ్మా, వేళ్ళు చూడు, ఎంత తెల్లగా ఉన్నాయో."

చూసి మురిసిపోయాను.

*

ఆ వానాకాలం సార్వా పంటకు గరువుపాలెంలో ఎవరికీ పండనంత పంట త్రినాథ్ చేలో పండింది.

"అత్తయ్యగారూ, మీరు ఓసారి రావాలండి. మట్టి చేత్తో పట్టుకుంటే వెన్నలా జారిపోతుందండి" అని ఫోను చేశాడు. వెళ్ళాను. గట్టు మీద నిలబడితే కంకుల బరువుకు చేను ఒరిగి ఉంది. అనంతలక్ష్మి గారు నా రెండు చేతులూ పట్టుకున్నారు.

"వదినగారూ, మీ అమ్మాయి అడుగెట్టిన వేళ అండి. మా చేను ఎన్నడూ ఇలా ఎరగం. ఊరంతా మా కోడల్ని సూసి ఏడుత్తన్నారు, ఆయ్."

మృదుల సిగ్గుపడి నవ్వింది. నేనూ నవ్వాను. నేల మీద వానపాములు విసర్జించిన మట్టి ఉండలు గుత్తులు గుత్తులుగా కనిపించాయి. ఇన్ని వానపాములున్నాయంటే అల్లుడు పురుగుమందులు తక్కువ కొడుతున్నాడని సంతోషించాను. వానపాములే నా వృత్తి, అవి నా కళ్ళ ముందే ఉన్నాయి, అయినా నేను చూసింది అంతే.

వేసవిలో కోసే దాళ్వా పంట కూడా అలాగే పండింది. ఊళ్ళోవాళ్ళు మృదుల చేతుల మీదుగా తట్టెడు మట్టి ఇప్పించుకుని తమ చేలల్లో చల్లుకోవడం మొదలెట్టారు. ఇచ్చేటప్పుడు ఆమె తట్టకు బొట్టు పెట్టేదట. మరుసటి సార్వా ఆ చేలూ పండాయి.

ఆ తర్వాతి దాళ్వాలో మొక్కలు పసుపెక్కాయి. పెట్టిన నీళ్ళు నిలబడిపోయాయి, ఇంకలేదు. కోతలయ్యాక నేల ఎండి పలకలు పలకలుగా బిగుసుకుంది. త్రినాథ్ గునపం వేస్తే ఖంగుమందట.

"అత్తయ్యగారూ, మీరు చూస్తే తెలుస్తుందేమోనండి" అన్నాడు ఫోనులో. ఈసారి గొంతులో ఉత్సాహం లేదు.

మే నెల. కాలువలు కట్టేసి ఉన్నాయి. నేను చట్రం, ఆవపిండి తీసుకుని వెళ్ళాను. చట్రం పెట్టి ఆవనీళ్ళు పోశాను. నీళ్ళు దిగలేదు. గచ్చు మీద పోసినట్టు నిలబడి పక్కలకు పారాయి. అరగంట చూసినా ఒక్కటీ రాలేదు. చివరికి గడ్డివాము కింద, ఇంకా తేమ ఉన్నచోట పోస్తే నాలుగు వచ్చాయి. ఆకలితో సన్నగా, మామూలు ఎర్రల్లాగే గోధుమ రంగులో ఉన్నాయి. నడుము పట్టీ మాత్రం తెల్లగా ఉంది. మా డెల్టా ఎర్రకు తెల్ల పట్టీ ఉండదు. ఆరో వరసకు ఉంటుంది.

నాలుగింటినీ తడి గుడ్డలో చుట్టి సీసాలో వేసుకున్నాను. ఇంట్లోకి వెళ్ళాను. అనంతలక్ష్మి గారు మంచినీళ్ళు ఇచ్చారు కానీ చేతులు పట్టుకోలేదు.

"ఏం సెప్పమంటారు వదినగారూ. మొదట్లో చేను మమ్మల్ని పైకి లేపినట్టే లేపింది. ఇప్పుడు మా చేనే కాదు, మా కోడలి చేతి మట్టి ఏసుకున్న చేలన్నీ ఇలాగే అయ్యాయండి. ఊళ్ళో ఏవంటన్నారో మీతో అనలేను."

మృదుల వంటింటి గుమ్మంలో నిలబడి ఉంది. ఆమెకు అయిదో నెల. ఏదో సామాను కడుగుతున్నట్టు తల వంచుకుంది.

*

ఏ ఊరివో చెప్పకుండా ఆ నాలుగూ ఇస్తే, ఫిలిప్ గారు రెండు రోజులు పరీక్షలు చేశారు. మూడో రోజు నా గదిలోకి వచ్చి తలుపు దగ్గరకు వేశారు.

"మనదేనండి. మన ఆరో వరసా, ఊరి ఎర్రా కలిశాయి. సగం మనది, సగం దానిది."

"తాళం?"

"రెండువైపులా మనదైతేనేనండి తాళం పడేది. ఒకవైపు ఊరిదైతే ఆ పిల్లకు తాళం లేదు. మన ప్లాటులో ఊరి ఎర్రలు లేవు కదాని అటు ఆలోచించలేదు." ఆయన కుర్చీలో కూలబడ్డారు. "దానికి మగా ఆడా తేడా లేదు. ఏ రెండు ఎదురుపడ్డా రెండూ గుడ్లెడతాయి. ఇంక ఆకలి చూస్తే మనదే. గడ్డి తింది, మోడులు తింది, మట్టిలో జిగురు పట్టే సారమంతా తినేసింది. ఊరి ఎర్రలకు తిండి మిగల్చలేదు. ఇప్పుడు అది కూడా చస్తుంది. మిగిలేది ఆ విసర్జించిన మెత్తటి మన్నే. ఎండితే ఇటుక."

"ఎంత మేర ఉంటుంది?"

"నాకు తెలీదండి. ఎక్కడ మొదలైందో తెలిస్తే చెప్పగలను. ప్రస్తుతం కాలవలు ఎండే ఉన్నాయి. జూన్‌లో నీళ్ళొదిలేలోగా ఆ చోటు కనిపెట్టి, చుట్టూ నేలను విషం పెట్టి చంపేస్తే ఆగుతుంది. నీళ్ళొదిలితే గుడ్లు కొట్టుకుపోతాయి. ఆపైన దేవుడే దిక్కు." నా వైపు చూశారు. "ఎలా బయటికెళ్ళిందంటారు మేడమ్? గోడ చూశాను, చెక్కు చెదరలేదు."

"తెలీదు ఫిలిప్ గారూ" అన్నాను.

ఆయన వెళ్ళాక ఫోనులో పాత ఫోటో వెతికాను. రెండేళ్ళ కిందటి మృదుల, చేతిలో పాలిక, కొత్త గాజులు. ఫోటో పెద్దది చేశాను. మూకుడు అంచున మొలకల వేళ్ళు దట్టంగా అల్లుకుని ఉన్నాయి. వాటి మధ్య కొన్ని తెల్లటి దారాలకు కొస మొండిగా ఉంది. వేరుకు అలాంటి కొస ఉండదు. మరీ పెద్దది చేస్తే వాటి ఒంటి మీద ఉంగరాలు ఉంగరాలుగా గీతలు కనిపించాయి.

అప్పుడే లేచి పక్కగదికి వెళ్ళి చెప్పి ఉంటే గరువుపాలెంలో అరవై ఎకరాలతో పోయేది. నేను చెప్పలేదు. ఇరవై ఏడు రోజులు చెప్పలేదు.

భయపడ్డాననే అనుకోండి. ఉద్యోగం పోతుందని కాదు, అది ఎలాగూ ఏడాదిలో అయిపోతుంది. ఆ చుట్టూ నేలను చంపడమంటే ముందు చంపాల్సింది నా కూతురి నాలుగెకరాలు. దాని మూడేళ్ళ తిండి. పైగా దాని పెళ్ళి మట్టిలోంచే ఇదంతా వచ్చిందని దాని మొహం మీద చెప్పాలి. రోజూ ఉదయం చెబుదామని బయలుదేరేదాన్ని, సాయంత్రం చెప్పకుండా ఇంటికొచ్చేదాన్ని. ఫిలిప్ గారు పాపం ఎండలో ఊరూరా తిరిగి ఆవనీళ్ళు పోస్తూనే ఉన్నారు. ఒకరోజు వడదెబ్బ తగిలి ఆసుపత్రిలో పడ్డారు. పళ్ళు తీసుకుని చూడ్డానికి వెళ్ళాను. అప్పుడూ చెప్పలేదు.

జూన్ మొదటి వారంలో కాలువలకు నీళ్ళు వదిలారు.

*

నీళ్ళొదిలిన పదో రోజున మృదుల ఒక్కతే బస్సెక్కి మా ఇంటికొచ్చింది. ఆరో నెల పొట్టతో, ఎండలో నడిచొచ్చి మొహం ఎర్రగా కందిపోయింది. మజ్జిగ ఇస్తే తాగలేదు.

"అత్తయ్య ఏదో శాంతి చేయించారమ్మా. నన్ను పొలంలో అడుగెట్టొద్దన్నారు. బోదె గట్టు దాటి రానివ్వట్లేదు."

"త్రినాథ్ ఏమన్నాడు?"

"ఏమన్లేదు. ఏమీ అనడమ్మా. గట్టు మీద కూర్చుని నేల చూస్తా ఉంటాడు." చీర కొంగు వేలికి చుట్టుకుంది. "మొన్న మా వీధిలో ఆవిడ పురుడు పోసుకుంటే చూడ్డానికి వెళ్ళాను. నా మొహం చూసి తలుపేసుకున్నారు. అమ్మా, నువ్వు చదువుకున్నదానివి, నన్ను తిట్టకు. ఒకటి అడుగుతాను. నిజంగా నా అడుగేనేమో? నేను మట్టిచ్చిన ప్రతి చేనూ పోయింది. ఒక్కటి కూడా తప్పలేదు. మరి కడుపులో ఉన్నదాన్ని నేను ముట్టుకోవచ్చా?"

నేను పెంచిన పిల్ల. పదేళ్ళప్పుడు వానపాము గుండెలు లెక్కపెట్టి పది ఉన్నాయని ఎగిరి గంతులేసిన పిల్ల. అరుగు మీద కూర్చోబెట్టి నన్ను పక్కకు జరిపినవాళ్ళను తిట్టుకున్నాను కదా, ఇప్పుడు నా కూతుర్ని నేనే పొలం బయట నిలబెట్టాను. నోరు మూసుకుని నిలబెట్టాను. నా మీద నాకే అసహ్యం వేసింది.

"నీ అడుగు కాదు. నా మట్టి" అన్నాను.

మొత్తం చెప్పాను. బకెట్, తువ్వాలు, జల్లెడ, లేని పుట్ట. ఇరవై ఏడు రోజులు కూడా చెప్పాను. ఫోటో తీసి చూపించాను. మృదుల ఫోను చేతిలోకి తీసుకుని ఆ తెల్లటి దారాలను చాలాసేపు చూసింది.

"నీకు ఎప్పుడు తెలిసింది?"

"మేలో."

"అత్తయ్య శాంతి చేయించింది జూన్‌లో" అంది. లేచి చెప్పులేసుకుంది. నేను బస్సు దాకా వస్తానంటే వద్దంది.

*

మర్నాడు ఫిలిప్ గారికి చెప్పాను. ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు, మళ్ళీ పెట్టుకున్నారు, మళ్ళీ తీశారు.

"నన్నొక్క మాట అడిగుంటే నా చేతులతో నేనే పుట్ట కట్టిచ్చేవాణ్ణి కదండీ" అన్నారు. పదకొండేళ్ళలో ఆయన నన్ను అన్న పెద్ద మాట అదే.

గరువుపాలెం నీటి సంఘం షెడ్డులో రైతులను కూర్చోబెట్టి నేనే చెప్పాను. కొడతారనుకున్నాను. ఎవరూ కొట్టలేదు. వెనక వరసలోంచి ఒక ముసలాయన లేచాడు.

"అంటే ఏవండీ, మా మట్టిలో ఇంతకాలం ఎర్రలే పని సేత్తన్నాయా? మేం అనుకున్నాం మేవే సేత్తన్నావని" అని, తువ్వాలు దులుపుకుని బయటికెళ్ళిపోయాడు.

అప్పటికి గుడ్లు లాకులు దాటాయి. అరవై ఎకరాలు కాస్తా పద్నాలుగు ఊళ్ళయ్యాయి. రొయ్యల చెరువుల్లో పనికిరాని చేపల్ని చంపడానికి వేసే టీ గింజల పొడి ఉంటుంది. అది వానపాములకూ విషమే. లారీలతో తెప్పించి చేలల్లో నీళ్ళు నిలబెట్టి చల్లారు. మొదట చల్లింది త్రినాథ్ చేలో. తానే చల్లుకుంటానన్నాడు, తానే చల్లాడు. ఆరో వరసా, కలిసినవీ, ఎక్కడైనా ఒకటీ అరా మిగిలిన ఊరివీ, అన్నీ పైకొచ్చి తేలాయి. కొంగలు వచ్చి వాలాయి కానీ తినలేదు.

అనంతలక్ష్మి గారు మా మృదులను దగ్గరకు తీసుకుని ఏడ్చారట. నన్ను మాత్రం ఆ ఇంటి గడప తొక్కొద్దన్నారు. నేను తొక్కలేదు. భాద్రపదంలో మనవరాలు పుట్టింది. ఫోటోలో చూశాను.

*

చంపిన నేలను బతికించాలంటే ఒకటే దారి. మళ్ళీ ఊరి ఎర్రలే రావాలి. గోదావరి అవతల, ఫిలిప్ గారి చర్చి సమాధుల దొడ్డిలో నాగలి తగలని నేల ఉంది. ఆయన నెలకోసారి అక్కడ ఆవనీళ్ళు పోసి ఇరవై ఎర్రలు పట్టి, పాలపొడి డబ్బాలో వేసి నాకిస్తారు. "మా నాయనమ్మ పక్కనుంచండి, మంచివి" అంటారు. ఆ డబ్బా పట్టుకుని నేను గరువుపాలెం బస్సెక్కుతాను. మృదుల చేలోకి ఇప్పటికి పద్దెనిమిది డబ్బాలు వెళ్ళాయి. ఆవనీళ్ళు పోస్తే ఇంతవరకూ ఒక్కటీ పైకి రాలేదు.

మొదటిసారి వెళ్ళినప్పుడు మృదుల గట్టు మీద ఎదురుచూస్తోంది. పాపను తీసుకురాలేదు. నేను చెప్పులు విప్పి చేలోకి దిగబోయాను.

"నువ్వు అక్కడే ఉండమ్మా. నేను వదుల్తాను" అంది.

పెళ్ళిలో మాణిక్యమ్మ అక్క అన్నమాట గుర్తొచ్చింది. అప్పుడు అడ్డుపడింది ఆచారం. దాన్ని తిట్టుకోవడానికి నాకు వీలుండేది. ఇప్పుడు అడ్డుపడింది నా కూతురు. తిట్టుకోవడానికి నేను తప్ప ఎవరూ లేరు. డబ్బా ఇచ్చి గట్టు మీద కూర్చున్నాను.

అప్పటినుంచి ప్రతి నెలా అంతే. ఆమె గునపంతో నేలకు చిన్న చిన్న రంధ్రాలు చేస్తుంది. ఒక్కొక్క ఎర్రనూ వేళ్ళతో తీసి రంధ్రంలో పెట్టి, తడి గడ్డి కప్పుతుంది. ఇరవై అయ్యేసరికి గంట పడుతుంది. పని అయ్యాక బోరు దగ్గర డబ్బా శుభ్రంగా కడుగుతుంది. తర్వాత గట్టు మీదున్న నా చెప్పులు తీసుకెళ్ళి, అడుగున అంటిన మట్టి గోటితో గీకి, నీళ్ళు పోసి కడిగి తెచ్చి నా ముందు పెడుతుంది. మొదటిసారి నేను కంగారుపడి వద్దన్నాను.

"మట్టి బయటికి పోకూడదు కదమ్మా" అంది.

తడి చెప్పులు వేసుకుని, ఖాళీ డబ్బా సంచిలో పెట్టుకుని, నేను బస్సు దాకా నడుస్తాను.